చేదు కాగితం, చెవి రొట్టె

మనిషి మొహం చూసి వాడి పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలనని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. జాతకాలు చెప్పేవాళ్ళను చూసి నవ్వుకునే వయసులో నేను జాతులు చెప్పేవాణ్ణి. జాతకం చెప్పేవాడికి కనీసం దక్షిణైనా వస్తుంది. నాకు వచ్చిందేమిటో చెప్పుకుంటే నా తెలివితక్కువతనం ఎంతదో మీకే తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని ఇంటికి రాస్తే మా కోనసీమలో చాలాకాలం నన్ను క్యాషియరనుకున్నారు. మకాం ఖైతాన్‌లో, పాత ఫ్లాట్‌లో ఒక గది, ఒక వంటిల్లు. నాతోపాటు మా పెదనాన్న కొడుకు ఉండేవాడు. నాకు అన్నయ్య. సిటీలో ఒక ఆఫీసులో టైపిస్టు. పొడగరి, తెల్లటివాడు, ముక్కు సూటిగా దిగిన మనిషి. ఇంకొకాయన కడప జిల్లా రాజంపేట వైపు నుంచి వచ్చి ఒక కంపెనీ మెస్సులో వంట చేసేవాడు. పొట్టిగా, నల్లగా, గుండ్రంగా ఉండేవాడు. నేనూ అంతే గనుక ఇంతకన్నా వర్ణించను. మా ముగ్గురిలో ఆయనే పెద్ద. ఇద్దరం ఆయన్ని "అన్నా" అనేవాళ్ళం.

పొద్దున్నే సిటీ బస్సెక్కితే నా విద్య మొదలయ్యేది. ఎదురుగా కూర్చున్నవాణ్ణి చూసి, "వాడు కేరళ", "వీడు ఈజిప్టు", "ఆ మూలాయన బెలూచీ" అని అన్నయ్య చెవిలో చెప్పేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. తలనూనె వాసన, టిఫిన్ డబ్బా ఆకారం, మీసం కత్తిరింపు సగం పని చేసిపెట్టేవని నాకప్పుడు తట్టలేదు. అంతా ఎముకల నిర్మాణంలోనే ఉందనుకునేవాణ్ణి. మొహమాటం అనే మాటకు నా దగ్గర అర్థమే వేరు. మొహం చూడటం, మాట చెప్పేయడం.

ఈ ధైర్యానికి పునాదులు రెండు. ఒకటి, బి గ్రూపు రక్తం యూరప్ నుంచి తూర్పుకు వచ్చేకొద్దీ ఎక్కువవుతుందని ట్రెయినింగులో చదివిన అరపేజీ. రెండోది, మాస్కోలో అచ్చయి మా ఊరి దాకా వచ్చిన తెలుగు పుస్తకాలు. గట్టి అట్ట, నున్నటి కాగితం, తలకు రుమాలు కట్టుకున్న అవ్వల బొమ్మలు. వాటిని చూసీ చూసీ రష్యావాళ్ళ మొహాలు నాకు కంఠతా వచ్చనుకునేవాణ్ణి.

అందుకని మా లాబ్‌లోకి ఒక రష్యన్ మేడమ్ వచ్చినప్పుడు నాకు చుట్టాలు దిగినంత సంబరమైంది.

ఆవిడ భర్త పాలస్తీనా డాక్టరు. సోవియట్ దేశంలో వైద్యం చదువుకుంటూ అక్కడే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడట. ఆవిడ చదివింది జీవశాస్త్రం. జుట్టు రాగి బిందెను చింతపండుతో తోమినట్టు ఎర్రగా ఉండేది. కళ్ళు ఆకుపచ్చ. ముక్కు మీదా బుగ్గల మీదా మజ్జిగలో ఆవాలు తేలినట్టు గోధుమరంగు మచ్చలు. నా పక్క బల్ల ఆవిడది. లాబ్‌లో అందరూ ఆవిణ్ణి "రూసియా" అనేవారు. అరబ్బీలో రష్యన్ ఆడమనిషి అని. ఆవిడ కాదనలేదు, ఔననలేదు.

పని తక్కువగా ఉన్నప్పుడు పెళ్ళికి ముందు తాను తిరిగిన ఊళ్ళ గురించి చెప్పేవారు. ఒక పరిశోధన బృందంతో కలిసి పడవల మీద, లారీల మీద వోల్గాకు తూర్పున కామా నది దగ్గరి పల్లెలకు వెళ్ళారట. అక్కడ ఒక ఊరు రష్యన్లదైతే పక్క ఊరు ఉద్ముర్త్‌లది, దాని పక్కది మారీలది. ఈ ఉద్ముర్త్‌లూ మారీలూ ఫిన్నో-ఉగ్రిక్ జనాలు. వాళ్ళ భాషలకు రష్యన్‌తో చుట్టరికం లేదు. ఎక్కడో దూరాన ఉన్న ఫిన్లాండు, హంగరీ భాషలతో ఉంది. "ఉగ్రిక్" అన్న మాట వినగానే నాకు నరసింహస్వామి కనిపించి, వీళ్ళెవరో కోపిష్ఠి జనం కాబోలనుకున్నాను. నా పాండిత్యం అలాంటిది.

బృందం పని, ఆ ఇరుగుపొరుగు జనాల్లో పుట్టుకతో వచ్చే తేడాలు ఏమేరకు ఉన్నాయో చూడటం. వేలి చివర రక్తం తీసి గ్రూపు చూసేవారు. చుక్కల బొమ్మలు చూపించి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందా అని అడిగేవారు. ఒక మందులో ముంచి ఆరబెట్టిన చిన్న కాగితం ముక్కను నాలుక మీద పెట్టించేవారు. కొందరికి అది వేపాకు నమిలినంత చేదు. కొందరికి ఉత్త కాగితం. ఏ నాలుకకు ఏది అన్నది తల్లిదండ్రుల నుంచే వస్తుందట.

"మరి మొహం చూసి ఎవరు రష్యనో, ఎవరు ఉద్ముర్తో చెప్పొచ్చా మేడమ్?" అని అడిగాను.

ఆవిడ పరీక్షనాళికను వెలుతురుకు పట్టి చూస్తూ, "నువ్వు చెప్పగలవా?" అన్నారు.

"ఓ, చెప్పేస్తాను" అన్నాను.

అక్కడ వారం సెలవు శుక్రవారం, గురువారం ఒంటిపూట. ఆ మధ్యాహ్నం మేడమ్ స్నేహితురాలు ఫహాహీల్ నుంచి వచ్చేవారు. ఆవిడా రష్యా నుంచి వచ్చినావిడే, భర్త సిరియన్ ఇంజనీరు, అక్కడి ఆయిల్ కంపెనీలో. తాను కాల్చిన నల్ల రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చేవారు. ఇద్దరూ లాబ్ వెనకగదిలో కూర్చుని టీ గ్లాసుల పక్కన చెంచాతో జామ్ తింటూ వాళ్ళ భాషలో గలగలా మాట్లాడుకునేవారు. ఇద్దరికీ చెరొక కూతురు. ఆ పిల్లలు గుండ్రటి స్టూళ్ళ మీద గిర్రున తిరిగేవారు. వారమంతా అరబ్బీలో వంగి, ఇంగ్లీషులో కుంగి ఉండే మేడమ్ వీపు ఆ మధ్యాహ్నం నిటారుగా ఉండేది. ఖైతాన్‌లో తెలుగు వినబడని వారం ఒకటి ఊహించుకుంటే నాకా వీపు సంగతి అర్థమయ్యేది.

ఫహాహీల్ ఆవిడది నల్లటి జుట్టు, వెడల్పు దవడలు, సన్నటి కళ్ళు. ఈ వివరం గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఒక గురువారం మా హెడ్ టెక్నీషియన్, ఈజిప్టాయన, టీ కోసం ఆ గదిలోకి వచ్చి నన్ను చూపిస్తూ, "ఈ హిందీ తమ్ముడు మొహం చూసి మనిషి ఏ జాతో చెప్పేస్తాడు తెలుసా?" అన్నాడు. హిందీ అంటే అక్కడ ఇండియావాడని.

ఫహాహీల్ ఆవిడ నవ్వారు. "యల్లా, చెప్పు! మా ఇద్దరిలో ఎవరు ఏమిటి?"

మేడమ్ వద్దన్నట్టు తలూపారు. నేనది ప్రోత్సాహమనుకున్నాను. మన వైపు తల అడ్డంగా ఊపితే అదీ ఇదీ కూడా కావచ్చు కదా.

"మా మేడమ్ అసలు సిసలు రష్యన్. ఆ జుట్టు, ఆ కళ్ళు చూస్తేనే తెలిసిపోతుంది. మీరు మాత్రం ఆ అడవి పల్లెల జనాల వైపు నుంచి వచ్చి ఉండాలి. మీ దవడ ఎముకలు చెబుతున్నాయి" అన్నాను. పరీక్షలో మొదటి బెంచీ వాడిలా నిలబడి మరీ అన్నాను.

ఫహాహీల్ ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఇంగ్లీషు వదిలేసి రష్యన్‌లోకి దిగి గట్టిగా ఏదో అన్నారు. అందులో ఒక మాట పడగానే మేడమ్ రొట్టె కోస్తున్న చాకును బల్ల మీద పెట్టేశారు. మెల్లగా ఒక చిన్న వాక్యం అన్నారు.

ఏమన్నారో నాకు తర్వాత తెలిసింది, మేడమే చెప్పారు. ఫహాహీల్ ఆవిడ, "మా తాతముత్తాతలందరూ ఓకా నది ఒడ్డున రష్యన్లు, నన్ను తీసుకెళ్ళి వాళ్ళలో కలుపుతాడా?" అన్నారట. ఆ "వాళ్ళు" అనే చోట ఒక ఎగతాళి పేరు వాడారు. ఉద్ముర్త్‌లను ఊళ్ళో కుర్రకారు వెక్కిరించే పేరు. దానికి మేడమ్, "ఆ పేరు పెట్టి నన్ను పిలువు. మా అమ్మ ఉద్ముర్త్" అన్నారట.

"నేను వాళ్ళ మీద ఎన్ని జోకులు వేశాను! నువ్వు నవ్వావు కూడా" అన్నారట ఫహాహీల్ ఆవిడ.

"నవ్వాను."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ముందు జోకులు మానేసేదానివి. తర్వాత రావడం మానేసేదానివి."

ఫహాహీల్ ఆవిడ కూతుర్ని స్టూలు మీద నుంచి దింపి, చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. రొట్టె సగం కోసింది కోసినట్టే ఉండిపోయింది.

పై గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మేడమ్ కూతురు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, గేటు వైపు చూస్తూ, ఒక్కతే నెమ్మదిగా తిరిగేది. మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

చివరికి నేనే, "క్షమించండి మేడమ్, నా నోటికి తాళం లేదు" అన్నాను.

ఆవిడ స్లైడ్లు తుడుస్తూ చెప్పారు. నాన్న రష్యన్, అమ్మ ఉద్ముర్త్. ఎర్ర జుట్టు అమ్మదే. ఆ జనంలో అలాంటి జుట్టు చాలామందికి ఉంటుందట. పదహారో ఏట గుర్తింపు కాగితాల కోసం వెళ్తే ఏ జాతి అని రాయమంటావని అడిగారట. రష్యన్ అన్నారట. "అదేమీ అబద్ధం కాదు, సగం నిజం. కానీ మా అమ్మ పల్లె నుంచి నా బడి దగ్గరికి వచ్చి తన భాషలో పిలిస్తే, నేను వినబడనట్టు ముందు నడిచేదాన్ని. అది మాత్రం సగం కాదు." ఇంకో స్లైడు అందుకుంటూ అన్నారు, "ఉద్ముర్త్ మాట్లాడటానికి ఇక్కడెవరూ లేరు. అది అలవాటైపోయింది. రష్యన్ మాట్లాడటానికి ఒక్క మనిషి ఉండేది. ఇప్పుడు ఇదీ అలవాటు చేసుకోవాలి."

ఆ సాయంత్రం గదికొచ్చి అంతా చెప్పాను. అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఒరేయ్, బస్సులో చెవిలో చెప్పుకునే కబుర్లు ఆడవాళ్ళ మొహం మీదే చెప్పేశావంట్రా బాబూ? నీకేవన్నా పిచ్చా?"

కడపన్న వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చాడు. "ఏమప్పా, కాకరకాయ తింటే వాంతికొస్తాదంటావు గదా, ఇట్లాంటి మాటలు మాత్రం ఎట్లొస్తాయప్పా నీ నోట్నించి?"

కాకరకాయ మా గదిలో పాత తగాదా. ప్రతి శుక్రవారం వంట ఆయనది. ఊరి నుంచి విమానంలో వచ్చిన కాకరకాయలు ఖైతాన్ కూరగాయల కొట్లో కనిపిస్తే చాలు, ఆయన కళ్ళు చెమర్చేవి. ఉప్పు రాసి పిండటం, బెల్లం వేయడం ఆయన దృష్టిలో నేరం. "చేదు దీసేసినాక అది కాకరకాయ యాడైతాది? గోదారోళ్ళు దేంట్లోనైనా బెల్లమేస్తారప్పా, రేపు నీళ్ళల్లో గూడా యేస్తారు" అనేవాడు. నేనేమో, కడప వాళ్ళ నాలుకలు వేరే జాతివని, చేదు తెలిసే నరమే వాళ్ళకు లేదని సిద్ధాంతం చేసి ఉన్నాను. బ్లడ్ బ్యాంకు మనిషిని కనుక దాన్ని సైన్సు అనేవాణ్ణి.

"ఇప్పుడేం చేయాలన్నా?" అని అడిగాను.

"యేముంది, శుక్రారం ఆ యమ్మలిద్దర్నీ అన్నానికి పిలు. వంట నేను జేస్తా. ఎదురెదురుగా కూచ్చోబెడితే మాట్లాడక యాడికి పోతారు?"

"వాళ్ళు రాకపోతే?"

"నువ్వు పోయి కాళ్ళు పట్టుకోప్పా. చెడగొట్టింది నువ్వే గదా!"

ఇంటి నుంచి వచ్చిన కజ్జికాయలు కొన్ని పొట్లం కట్టుకుని, సముద్రం పక్క రోడ్డు మీద పోయే బస్సులో ఫహాహీల్ వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, "చెప్పు. ఇవాళ నేనెవర్ని?" అన్నారు.

"తెలీదు మేడమ్. నేను మాత్రం వెధవని."

ఆవిడ మొహంలో ఒక మూల కొంచెం సడలింది. పొట్లం విప్పి చూసి, "ఇవి మా పెల్మెనీల్లా ఉన్నాయే!" అన్నారు. పిండిలో మాంసం పెట్టి, మడిచి, ఉడకబెట్టి తినే వంటకమట. "అచ్చమైన రష్యన్ వంట. అయితే ఇంత పెద్దవి కావు."

శుక్రవారం భోజనానికి రమ్మన్నాను. మేడమ్ కూడా వస్తారని చెప్పాను. ఆవిడ కజ్జికాయ అంచు మీది మడతలను వేలితో తడిమారు.

"నీ మీద కోపం ఆ రోజే పోయింది. చిన్నప్పుడు బళ్ళో కూడా ఈ మొహాన్ని చూసి ఏడిపించారు, అలవాటే. కానీ దాని ముందు ఎలా కూర్చోను? పక్కనే కూర్చుని వాళ్ళమ్మను తిట్టాను, ఇన్నేళ్ళూ, నవ్వుకుంటూ."

"మా గదిలో కుర్చీల్లేవు మేడమ్. కింద కూర్చోవాలి. మొహాలు చూసుకోవాల్సిన పని లేదు, అన్నం చూసుకుంటే చాలు" అన్నాను.

శుక్రవారం వచ్చారు. ఇద్దరి భర్తలూ వాళ్ళను పిల్లలతో సహా దింపి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. మా మంచాలు గోడకు నిలబెట్టి, చాపలు పరిచి, మీద పాత పేపర్లు పరిచాం. పప్పుచారు, అన్నయ్య పెట్టిన చేపల పులుసు, అప్పడాలు. మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ కాకరకాయ వేపుడు. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళ సంగతి పట్టించుకోకుండా అప్పడాలు విరుచుకుంటున్నారు. పెద్దవాళ్ళిద్దరూ చెరొక చాప చివర కూర్చుని పేపరు మీద అర్థం కాని తెలుగు అక్షరాలు చదువుతున్నట్టు తలలు వంచుకున్నారు. "ఉప్పు" "థాంక్యూ" తప్ప మాటల్లేవు. కడపన్న నా వైపు చూసి కళ్ళతోనే, ఏదో ఒకటి జెయ్యప్పా అన్నాడు.

నేను చేసింది కాకరకాయ ముక్క నోట్లో పెట్టుకుని మొహం వికారంగా చిట్లించడం. కావాలని చేసింది కాదు, అలవాటు.

"మళ్ళీ మొదలుబెట్నాడు!" అన్నాడు కడపన్న.

"అన్నా, మీ కడప నాలుకలు వేరే. ఇది మనుషులు తినేది కాదు."

అన్నయ్య ఇంగ్లీషులో తగాదా సంగతి వివరించాడు. వింటున్న మేడమ్ పెదవుల మీద చాలా రోజుల తర్వాత ఒక నవ్వు కదిలింది. హ్యాండ్‌బ్యాగులో వెదికి ఒక పాత మాత్రల సీసా తీశారు. అందులో సన్నటి తెల్ల కాగితం ముక్కలు. ఆ పల్లెలు తిరిగిన రోజుల్లోంచి మిగిలినవి.

"కాకరకాయ చేదు వేరు, దీని చేదు వేరు. అయినా నీ సిద్ధాంతం ఇంత గట్టిగా చెబుతున్నావు కదా, చూద్దాం. అందరూ నాలుక మీద పెట్టుకోండి."

అందరం పెట్టుకున్నాం.

కడపన్న ఒక్క క్షణం ఆగి, "అమ్మా! విషమప్పా ఇది!" అంటూ వాష్‌బేసిన్ వైపు పరిగెత్తాడు. చేదు తెలిసే నరం లేదని నేను తీర్మానించిన మనిషి ఆయన. అన్నయ్య తీరిగ్గా చప్పరిస్తూ, "ఏవీ లేదే, పేపరు ముక్కలా ఉంది" అన్నాడు.

నేను కళ్ళు మూసుకుని చేదు కోసం ఎదురుచూశాను. రాలేదు. కాగితాన్ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. పెళ్ళి శుభలేఖ అంచు నమిలినట్టుంది, అంతే.

"చెప్పప్పా, ఎట్లుంది?" బేసిన్ దగ్గర్నుంచి నోరు కడుక్కుంటూ అరిచాడు కడపన్న.

"బాగా... చేదుగానే..." అన్నాను.

"అబద్ధం" అన్నారు మేడమ్. "చేదు తెలిసినవాడి మొహం అలా ఉండదు. చూడు." వేలు చూపించిన చోట ఫహాహీల్ ఆవిడ మొహం ఎండిన నిమ్మకాయలా ముడుచుకుపోయి ఉంది. తానూ ఒక కాగితం నాలుక మీద పెట్టుకుని మేడమ్ అచ్చం అలాగే ముడుచుకుపోయారు. ఇద్దరూ ఒకేసారి లేచారు, ఒకే బేసిన్ మీదికి వంగారు, తలలు ఢీకొన్నాయి. పిల్లల్లో మేడమ్ కూతురికి ఏమీ తెలియలేదు. ఫహాహీల్ అమ్మాయి మాత్రం ఏడుపు లంకించుకుంది. దానికి అప్పడం పెట్టి ఊరుకోబెట్టాం.

మేడమ్ చేతులు తుడుచుకుంటూ చెప్పారు. "ఆ పల్లెల్లో కూడా ఇంతే. నదికి ఇటు ఒడ్డున ఉద్ముర్త్ ఊరు, అటు ఒడ్డున రష్యన్ ఊరు. ఇక్కడ కొందరు ఉమ్మారు, కొందరు మమ్మల్ని చూసి నవ్వారు. అక్కడా కొందరు ఉమ్మారు, కొందరు నవ్వారు. చాలామందిని పరీక్షించి లెక్క కడితే ఒక గుణం ఒక పక్క కాస్త ఎక్కువ, ఒక పక్క కాస్త తక్కువ అని తేలేది. ఆ తేడా నిజమే. కానీ ఒక్క మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టి ఇతను ఏ ఒడ్డు వాడో చెప్పమంటే మా ప్రొఫెసర్ కూడా చెప్పలేరు. రెండు ఒడ్లకూ మధ్య ఎప్పుడూ ఒక పడవ తిరుగుతుండేది. సంతకు వెళ్ళేవాళ్ళు అందులోనే, పెళ్ళికూతుళ్ళూ అందులోనే. మా అమ్మ ఆ పడవలోనే వెళ్ళింది."

ఫహాహీల్ ఆవిడ తల దించుకునే విన్నారు.

"నీ ఓకా నది సంగతి తెలుసా?" మేడమ్ గొంతు మెత్తబడింది. "రష్యన్ భాష అక్కడికి రాకముందు ఆ ఒడ్డున ఉన్నది మా వాళ్ళ దాయాదుల్లాంటి జనమే. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. మెల్లగా రష్యన్ మాట్లాడటం మొదలుపెట్టారు, అంతే. నీ తాతముత్తాతల్లో వాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అంటే నేనారోజు చెప్పినదాంట్లో కొంత నిజం ఉన్నట్టేగా మేడమ్?"

"నువ్వు నోరు ముయ్యి!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకే ఇంగ్లీషులో.

అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు మొదటిసారి. ముందు ఫహాహీల్ ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో తిరగబడి ఏడుపైంది. మేడమ్ వెళ్ళి పక్కన కూర్చున్నారు. వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మేము ముగ్గురం పేపర్ల మీది మెతుకులను బహు శ్రద్ధగా ఏరాం.

కాసేపటికి ఫహాహీల్ ఆవిడ కళ్ళు తుడుచుకుని ఇంగ్లీషులో, మాకూ వినబడేలా అడిగారు. "మీ అమ్మ రొట్టెను ఏమనేది?"

"న్యాన్" అన్నారు మేడమ్. ఆ మాటను నోట్లోంచి తీసి చాలా కాలమైనట్టుంది. "చెవిని పేల్ అంటాం. పిండి ముక్కను మడిస్తే చెవిలా ఉంటుంది కదా, అందుకని దాన్ని చెవి రొట్టె అంటాం. పేల్‌న్యాన్."

ఫహాహీల్ ఆవిడ చప్పున ఇటు తిరిగారు. "పెల్మెనీ?"

"పెల్మెనీ."

"అది మీ మాటా? ప్రతి శీతాకాలం మా ఇంట్లో నీకే వండిపెడుతూ, ఇది మా రష్యన్ల వంట అని నీకే చెప్పానే! అదీ విన్నావా?"

"విన్నాను. బాగా చేస్తావు" అన్నారు మేడమ్.

మేడమ్ కూతురు వచ్చి తల్లి ఒళ్ళో వాలి, ఆ మాట ఇంకోసారి చెప్పమంది. మేడమ్ చెప్పారు. ఆ పిల్ల పలికింది. ఫహాహీల్ అమ్మాయి కూడా పలికింది. మా కడపన్న కూడా పలికి, ఇందులో వాళ్ళ మెస్సులో కాల్చే "నాన్" వినబడుతోందన్నాడు. ఎవరూ కాదనలేదు, భోజనం అంత బాగుంది.

పై గురువారం నల్ల రొట్టె మళ్ళీ మా లాబ్‌కు వచ్చింది.

ఇక నా సంగతి. ఆ శుక్రవారం నుంచి నాకు గదిలో పరువు లేదు. కాకరకాయ వడ్డించేటప్పుడల్లా కడపన్న, "నీకెందుకప్పా చేదు, నాలికే లేనోనికి? ఇంకో రెండు ముక్కలేసుకో" అని గంటెడు వేసేవాడు. కాకరకాయ చేదు వేరని మేడమ్ చెప్పారు కదన్నా అంటే వినేవాడు కాదు. లాబ్‌లో ఎవరు కొత్తగా చేరినా ఫహాహీల్ ఆవిడ నన్ను పిలిచి, "చెప్పు, వీళ్ళది ఏ ఊరు?" అని అడిగి నలుగుర్నీ నవ్వించేవారు. నేను తలవంచుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

ఈ బాకీ తీర్చుకునే అవకాశం నాకు చాలా రోజులకు వచ్చింది. మరో శుక్రవారం భోజనానికి వచ్చినప్పుడు ఫహాహీల్ ఆవిడ హుషారుగా ఉన్నారు. చేతులు కడుక్కుని వచ్చి మా ముగ్గుర్నీ వరసగా నిలబెట్టారు.

"ఇవాళ నా వంతు. నేను చెబుతాను!" ముందు నన్నూ కడపన్ననూ చూశారు. పొట్టి, నలుపు, గుండ్రం. "మీరిద్దరూ అన్నదమ్ములు. ఒకే అమ్మ పిల్లలు. ఇందులో చెప్పడానికేముంది!" తర్వాత మా పెదనాన్న కొడుకు వైపు, నా సొంత రక్తం వైపు, తిరిగి పరీక్షగా చూశారు. "ఇతను మాత్రం మీవాడు కాదు. ఎక్కడో ఉత్తరాన, ఇరాన్ పక్కనుంచి వచ్చి ఉండాలి. ఆ ముక్కు చెబుతోంది."

అన్నయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాడు. కడపన్న మొహం కందగడ్డయింది. "ఎవురు, నేనా? ఈ కోనసీమోనికా..."

నేను చప్పున ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాను. "భలే కనిపెట్టారు మేడమ్! మా పెద్దన్నయ్యే. ఒకే తల్లి పాలు" అన్నాను. మా మేడమ్ నా వైపు చూశారు. ఆవిడకు నిజం తెలుసు. గోడ వైపు తిరిగి, కొంగు లేదు గనుక స్కార్ఫు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత నేను కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ ఫహాహీల్ ఆవిడ ప్రతి గురువారం రెండు రొట్టెలు తెచ్చేవారు. ఒకటి మేడమ్‌కు. రెండోది, "ఇది మీ అన్నయ్యకు. ఎలా ఉందో అడిగి నాకు చెప్పాలి" అని నాకిచ్చేవారు. నల్లగా, ఇటుకంత బరువుగా, పుల్లగా ఉండేది. కడపన్నకు ఆ వాసనే పడదు. పారేద్దామంటే ఆయనకు అన్నం పారేయడం తెలియదు. కాదందామంటే, ఆడబిడ్డ ప్రేమగా పంపింది.

"నిజం జెప్పెయ్యప్పా ఆ యమ్మకు, నీకు దండం బెడతా" అనేవాడు, పప్పుచారులో ముంచుకుని నములుతూ.

"తప్పన్నా, మొహం చూసి మనుషుల్ని చెప్పకూడదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను" అని, ఇంకో ముక్క కోసి ఆయన కంచంలో వేసేవాణ్ణి.